సున్న పూడని సిరా

రంగులను గూర్చి ఆకాశవాణిలో ప్రసంగింపబూనుట కొంత సాహసమే. నేను నీలమని పలికినంతనే మీ మనస్సున మెదలు నీలము వేరు, నా బల్లమీది సీసాలోని నీలము వేరు కావచ్చును. చూపుటకు నాకు వీలు లేదు, చూచుటకు మీకు వీలు లేదు. అయినను ఈ విషయమును స్వీకరించుటకు నేను జంకలేదు. ఏలయన, ఊటకలములలో పోసికొను సిరాలను చాలకాలముగా ఒకదానితో నొకటి సరిపోల్చి చూచుచున్న నాకు, సిరా గుణములలో రంగు కట్టకడపట విచారింపవలసినదని తోచుచున్నది. అది కంటికి మొదట కనిపించును గనుక దానికే మొదటి పీట వేయుచున్నాము. సిరాకు అసలైన పరీక్ష అక్షరము, అందును తెలుగక్షరము, పిమ్మట కాగితము, ఆ పిమ్మట మన యెండలును వానలును.

నేనుండునది నూజివీడు. చైత్రము దాటినది మొదలు ఈ సీమలో మామిడికాయ తప్ప వేరు ప్రసక్తి యుండదు. తోట గుత్తకు తీసికొన్నవారు, కోతకూలీలు, దళారులు, ట్రేలు నింపుకొని నున్న మార్కెట్టునకు తరలు వాహనములు, తూకపు చీటీలు, ధరలమీది తగవులు. వీని నడుమ సిరాసీసాల ముచ్చట తెచ్చువాడు విచిత్రముగా కనబడుట సహజమే. కాని సరిపోల్చి చూచుట యనెడి విద్యలో మా ఊరివారికి ఇతరులు నేర్పవలసినది లేదు. ఏ మామిడి మంచిదని ఇక్కడి రైతు నడిగి చూడుడు. దేనికని మారుప్రశ్న వేయును. పిండి రసము త్రాగుటకు చిన్నరసము, ముక్కలు కోసి తినుటకు బంగినపల్లి, గుజ్జు తీయు కర్మాగారమునకు కలెక్టరుకాయ, ఊరగాయకు పుల్లనై పీచు గల పచ్చికాయ. సిరా విషయమున గూడ ఏది మంచిదని యడుగువారికి నా సమాధానము ఆ రైతు వేయు ప్రశ్నయే.

ఆవకాయ పెట్టు దినములలో ఇనుప కత్తితో కాయలు కొట్టి, ఆ కత్తిని కడుగక కొంతసేపు విడిచినచో దాని అంచున నల్లని చార యేర్పడును. టెంకలోని జీడి తగిలిన చోట ఆ నలుపు మరింత చిక్కనగును. తుప్పు పట్టని ఉక్కు కత్తులు వచ్చిన ఇండ్లలో ఈ వింత కానరాదు గాని, పాతకాలపు కత్తిపీట యున్న యింట నేటికిని చూడవచ్చును. ఆ నల్లని చార సిరాయే. పచ్చికాయలోని పులుపు ఇనుమును రవంత కరగించును. తొక్కలోను జీడిలోను వగరును పుట్టించెడి టానిను ఆ కరగిన ఇనుముతో కలియును. గాలిలోని ఆమ్లజని తగిలినకొలది ఆ మిశ్రమము నల్లబడి, నీటికి కరగని పదార్థముగా మారును. ఐరోపాలో కొన్ని వందల సంవత్సరములపాటు గ్రంథములు, దస్తావేజులు, సంగీతరచనలు వ్రాయబడిన నల్లని సిరా సరిగా ఇట్టిదే. మామిడిజీడికి బదులుగా వారు సిందూరవృక్షముమీద పురుగు కుట్టిన చోట ఉబ్బెడి మాచికాయలను, కత్తి ఇనుమునకు బదులుగా అన్నభేదిని వాడిరి. మన దేశములో మాచికాయకు మారుగా కరక్కాయ యుండెను. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి, చిక్కదనమునకు తుమ్మబంక చేర్చి సిరా కాచుకొన్న తరములు మనకు మరీ దూరమునవి కావు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన నిదర్శనము మాకు సమీపముననే కలదు. 2022లో జిల్లాల పునర్విభజన జరుగువరకు మా నూజివీడు కృష్ణాజిల్లాలోనిది. ఆ జిల్లాలోనే, బందరునకు చేరువనున్న పెడనలో కలంకారీ అద్దకము తరతరములుగా సాగుచున్నది. స్వర్ణముఖీ తీరమున శ్రీకాళహస్తిలో ఆ పనినే అచ్చులు లేక కలముతో చేయుదురు. అద్దకములోని నల్లరంగును వారు తయారుచేయు విధానము వినదగినది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను, బెల్లమును కుండలో నీటిలో వేసి మూతవెట్టి రెండు మూడు వారములు పులియనిత్తురు. బెల్లము పులిసి పుట్టిన ఆమ్లము ఇనుమును కరగించుకొనును. వడగట్టిన ఆ ద్రవము చూచుటకు నల్లగా నుండదు. కుండలో దానిని చూచినవాడు ఇది నల్లరంగని నమ్మడు. వేరొకవైపున గుడ్డను కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి, పిండి, ఎండబెట్టి సిద్ధముచేయుదురు. ఆ గుడ్డమీద ఈ ద్రవముతో గీత గీచిన క్షణమున ఆ గీత నల్లబడుట ప్రారంభించును. సగము సిరా కుండలో నున్నది, సగము సిరా గుడ్డలో నున్నది. రెండును కలిసిన చోటనే నలుపు పుట్టుచున్నది. రసాయనశాస్త్రములో ఇంత చక్కని పాఠమును ప్రయోగశాలలో గూడ నేను చూడలేదు.

ఇక పాల సంగతి. కరక్కాయతో పాలెందుకు? పాలలోని కొవ్వు గుడ్డ నూలులో పట్టి యుండి, రంగు గీత దాటి ప్రక్కలకు ప్రాకకుండ అడ్డుపడును. పాలు లేని గుడ్డమీద గీచిన గీత అంచులు విచ్చి, మీసములు మొలచినట్లగును. నేటి కాగితపు మిల్లులలో గుజ్జునకు రాలబంక, పటిక, పిండి చేర్చుట కూడ ఇందుకొరకే. ఆ పూత చాలని కాగితముమీద ఎంత మేలైన సిరాయైనను విచ్చుకొనక మానదు. శ్రీకాళహస్తి చిత్రకారుని చేతిలోని కలమును గూడ ఒకమారు పరికింపుడు. సన్నని వెదురుపుల్ల, దాని కొసకు కొంచెము పైన గుడ్డగాని ఉన్నిగాని ఉండగా చుట్టి దారముతో బిగింతురు. ఆ ఉండ రంగును పీల్చి దాచుకొనును. వ్రేళ్ళతో మెల్లగా నొక్కినకొలది రంగు కొసకు దిగును. సిరాను తనలోనే నిలువయుంచుకొని, వ్రాయువాని యిచ్ఛ ననుసరించి కొసకు పంపెడి సాధనమునకు ఊటకలమని పేరైనచో, 1884లో అమెరికాలో వాటర్‌మన్ అనునాతడు తన కలమునకు పేటెంటు పొందుటకు చాల ముందే ఆ యూహ మన అద్దకపువారి చేతిలో నుండెనని చెప్పుటలో అతిశయోక్తి లేదు. పాళీ అడుగున నల్లని నాలుకలోని సన్నని కాలువలు నేడు చేయు పని ఆనాడు ఉన్ని ఉండ చేసెను.

అయితే మన పూర్వులు గ్రంథరచనకు సిరాను ఇంతగా ఆశ్రయింపలేదు. తాటాకుమీద ఘంటముతో ముందు గీరుట, పిదప దీపపుమసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి ఆకుమీద రుద్ది తుడుచుట. గీరిన పల్లములలో మసి నిలిచి అక్షరము కనబడును. అనగా వ్రాత ముందు, సిరా తరువాత. ఆ పద్ధతిలో సిరా విచ్చుకొనునను భయము లేదు, కలము కక్కునను భయము లేదు. సరళరేఖలు గీచినచో ఆకు చీలును గనుక మన లిపి గుండ్రదనమును పొందెనని పండితులు చెప్పుదురు. ఘంటమునకు అనుకూలముగా పెరిగిన ఈ గుండ్రని లిపి తరువాతి కాలమున కాగితముమీదికి వచ్చెను. కడపలో బ్రౌను దొర సొంత ధనముతో పండితులను, లేఖకులను కూర్చి తాళపత్ర గ్రంథములను కాగితములమీదికి ఎత్తి వ్రాయించిన నాటికి మన అక్షరము సిరాకు లోబడక తప్పినది కాదు. తాటాకుమీద ఎన్నడును పూడని సున్న, కాగితముమీద పూడుట నేర్చుకొన్నది.

ఇరువదవ శతాబ్దమున, విదేశీ వస్తువులకు ప్రతిగా కలములు, సిరాలు మన దేశమున పుట్టిన కథ దీర్ఘమైనది; దానిలో మనకు కావలసినంత మాత్రము చెప్పెదను. రాజమహేంద్రవరమున 1932లో కె. వి. రత్నముగారు స్థాపించిన రత్నం కలముల సంస్థ నుండి వచ్చిన స్వదేశీ కలము గాంధీజీని చేరగా, 1935లో ఆయన దానిని మెచ్చుచు లేఖ వ్రాసిరి. ఎబొనైటును, అనగా గంధకముతో గట్టిపరచిన రబ్బరును, తరిమెన పట్టి చేయు ఆ కలములు నేటికిని మన ప్రాంతపు గౌరవచిహ్నములుగా నున్నవి. ఆ కాలమునందే, 1931లో, బొంబాయిలో దాండేకరు సోదరులు గుర్రపు గుర్తు గల సిరాపొడిని, సిరాబిళ్ళలను చేయ నారంభించిరి. ఆ సంస్థయే తరువాత కామ్లిన్ అయినది. వంగదేశమున మైత్రా సోదరులు 1934లో సులేఖ సిరాను ప్రారంభించిరి. గ్రామములలో సీసా సిరా అపురూపముగా నున్న దినములలో బిళ్ళను నీటిలో కరగించి బుడ్డి నింపుకొనుటయే వాడుక; ఆ నీళ్ళసిరాతో నేర్చినవారి చేతివ్రాత నేటివారి చేతివ్రాతకంటె అందముగా నుండుటకు కారణము సిరా మాత్రము కాదని నా అనుమానము. ఇప్పుడు మైసూరు బ్రిల్, కేరళములో పట్టాంబినుండి వచ్చు కృష్ణ సిరాలు, కొంతకాలము మూతవడి మరల తెరచుకొన్న సులేఖ, జర్మనీ జపాను దేశముల సీసాలు అన్నియు తపాలాలో ఇంటికే వచ్చుచున్నవి. ఎంచుకొనుటకు వస్తువు కొదువ లేదు. ఎంచుటకు వలసిన ఓర్పే కొదువ.

ఎంచుటలో నేననుసరించు పద్ధతి సామాన్యమైనది. కలమొక్కటే యుండవలెను, పాళీ మారినచో సిరా నడక మారును గనుక, సిరాల మధ్య భేదమేదో పాళీల మధ్య భేదమేదో తెలియకుండ పోవును. సిరా మార్చునప్పుడెల్ల కలమును మంచినీటితో, నీరు తేటగా వచ్చువరకు కడిగి ఆరవేయవలెను. కాగితములు మాత్రము మూడు రకములవి వాడుదును: బడిపిల్లల నోటుపుస్తకపు కాగితము, వ్యాపారి చిట్టా పుస్తకపు ఠావు, కచేరీలలో అచ్చుయంత్రమునకు వాడు తెల్లకాగితము. ఖరీదైన విదేశీ కాగితముమీద ప్రతి సిరాయు రాకుమారునివలె నిలుచును. దానిమీద పరీక్షించి మెచ్చుకొని, తరువాత బడిపుస్తకముమీద వ్రాసి నిట్టూర్చుట వలన ప్రయోజనము లేదు.

వ్రాయవలసినది ఏమి? ఇక్కడనే మనవారు పొరపడుచున్నారని నా అభిప్రాయము. ఇంగ్లీషు అక్షరమాలను, అడ్డముగా ఎనిమిది అంకెవలె చుట్టలను గీచి సిరాగుణమును నిర్ణయించుట పరదేశముల ఆచారము. ఆ లిపిలో అక్షరము లోపలి ఖాళీలు పెద్దవి, పంక్తి క్రింద వ్రేలాడు భాగములు కొద్ది. మన లిపి సంగతి వేరు. కంఠము అని వ్రాయుడు. మొదటనే సున్న, తరువాత ఠకారము, దాని గర్భమున చుక్క. సిరా రవంత విచ్చినచో ఆ చుక్క అంచులను తాకి, ఠకారము నల్లని ఉండ యగును. గ్రంథము అని వ్రాసినచో థకారపు చుక్కకును అదే గతి; ధకారమునకు దకారమునకు గల భేదమంతయు క్రిందనున్న చిన్నగీతలో నున్నది, ఆ గీత పొట్టలో కలిసిపోయినచో ధనము దనమగును. స్వాతంత్ర్యము అను మాటలో తకారము క్రింద రెండు వత్తులు ఒకదానినొకటి అంటియంటక నిలువవలెను. సాధారణపు పంక్తి ఎడములో అవి నిలుచుటకు దొరకు చోటు వడ్లగింజ పాటిది. కంఠము, గ్రంథము, స్వాతంత్ర్యము అను ఈ మూడు మాటలను మూడు కాగితములమీద వ్రాసి, పిమ్మట చత్వారము వచ్చిన యొకరిచేత అద్దములు లేకుండ చదివించిన యెడల, సిరాసీసామీది ప్రశంసలన్నిటికంటె నమ్మదగిన తీర్పు లభించును.

ఆ తీర్పులో నేను గమనించిన విశేషము లిట్లున్నవి. ముదురునీలము, అనగా బడిపిల్లలు వాడు రాయల్ బ్లూ, చాలవరకు మర్యాదగా నడచును. తడి మితముగా నుండును, సున్నలు పూడవు, గుడ్డకంటినను సబ్బునకు వదలును. నల్లసిరాలలో మాత్రము భేదములెక్కువ. నలుపు చిక్కగా కనబడవలెనని రంగుద్రవ్యము దట్టించి, అది పాళీలో అడ్డుపడకుండుటకు తడిని పెంచిన సిరాలు కొన్ని కలవు. వాని పేర్లు చెప్పుట నా ఉద్దేశము కాదు. అట్టి దొకటి నోటుపుస్తకముమీద కంఠమును పూర్తిగా నొక్కివేసెను, పుట వెనుకవైపునకు దిగి అటువైపు వ్రాయుటకు వీలులేకుండ చేసెను. సీసా మాత్రము ముచ్చటగా నుండెను. ఇక ఇనుము కలిసిన నీలినలుపు, ఇంగ్లీషున బ్లూ బ్లాక్ అని పిలువబడునది, తెలుగు లిపికి స్వభావసిద్ధముగా అనుకూలించు సిరా యని నేను నిశ్చయించుకొంటిని. అది పొడిగా నడచును. పాళీనుండి కొంచెము బింకముగా దిగును. కనుకనే చౌక కాగితముమీద గూడ గీత అంచు నిలుచును. వ్రాసినప్పుడు నీలముగా కనబడు రేఖ గంటలు గడచినకొలది నల్లబడును. ఆ నీలము కేవలము దారిచూపు రంగు. ఇనుము టానిను కలయిక గాలి సోకి నల్లబడువరకు వ్రాసినది కంటికి కనబడుటకై చేర్చినది. అయితే నీలినలుపని పేరున్న ప్రతి సీసాలోను ఇనుముండదు. ఈ కాలపు సీసాలలో కొన్ని ఉత్త రంగునీళ్ళే. వ్రాసి, ఆరనిచ్చి, మరునాడు నీటిచుక్క వేసి చూచిన సంగతి బయటపడును.

ఇనుపసిరాకు దోషము లేదని కాదు. అన్నభేది పాలు మించినను, ఆమ్లము మించినను అది కాగితమును తినివేయును. జర్మను సంగీతకర్త బాక్ స్వహస్తముతో వ్రాసిన ప్రతులలో అనేకము ఇట్లు దెబ్బతిని, స్వరములున్న చోట కాగితము రాలిపోవు స్థితికి రాగా, బెర్లిను గ్రంథాలయమువారు వానిని బాగుచేయించుటకు చాల శ్రమపడవలసి వచ్చెను. నేడు ఊటకలములకై చేయు ఇనుపసిరాలలో ఆ పాళ్ళు మితముగా నుండును గనుక అంత భయము లేదు. కాని దానిని కలములో పోసి నెలలతరబడి వ్రాయక పడవేసినచో, కాగితముమీద జరుగవలసిన నల్లబడుట నాలుక కాలువలలోనే జరుగును. పిమ్మట ఎంత కడిగినను ఆ మడ్డి తేలికగా వదలదు. ప్రతిదినము వ్రాయువారికే అది తగిన సిరా.

ఎండల విషయము చెప్పెదను. మామిడి కోతల నాటికి మా ప్రాంతమున ఎండ నలువది డిగ్రీలను దాటుట పరిపాటి. రబ్బరు సంచిగాని పిస్టనుగాని లేక, కలము పొట్టలోనే డ్రాపరుతో సిరా పోసికొను ఎబొనైటు కలములు అప్పుడు కక్కుట మీరెరుగుదురు. తప్పు సిరాది కాదు. పొట్టలో సిరా తగ్గినకొలది గాలి పెరుగును; ఆ గాలి చేతివేడికి, జేబువేడికి వ్యాకోచించి, ముందున్న సిరాను పాళీమీదికి తోయును. నిండుగా నున్న కలము కక్కదు, మూడింట రెండు పాళ్ళు ఖాళీయైనది కక్కును. కనుక వేసవిలో తోటకు పోవు ముందు కలమును కడవరకు నింపుకొనుట, పాళీ పైకుండునట్లు జేబున నిలుపుట మేలు. పొడిగా నడచు సిరా ఈ కక్కును కొంత తగ్గించును. తడిగా నడచునది చొక్కామీద తన ముద్ర వేయును.

చెమట, వాన, మామిడిరసము. ఈ మూడును మా దేశపు వ్రాతకు నిత్యశత్రువులు. ముదురునీలముతో వ్రాసిన తూకపు చీటీమీద చెమట చెయ్యి పడినచో అంకెలు నీలిమేఘము లగును. ఇనుపసిరా నీటికి చలింపదు. కాని దానికొక లోపమున్నది: పుల్లమామిడి రసము దానిమీద పడి ఆరినచో, రసములోని ఆమ్లము ఇనుమును పట్టి లాగి, నలుపును పలుచబరచును. ఇనుపమరకను నిమ్మకాయతో పోగొట్టు గృహిణులు ఈ రహస్యము నెరుగుదురు. ముదురునీలము పులుపునకు రంగు మార్చుకొనదు గాని, ఆ రసములోని నీటికే కరగి కొట్టుకొనిపోవును. బట్టలసోడా తగిలెనా, రంగే హరించును. ఇక తొడిమనుండి కారెడి సొన కాగితముమీద పడి ఆరిన చోట ఏ సిరాయు అంటదు. పాళీ జారిపోవును, గీత తెగిపోవును. చర్మమును పొక్కించెడి ఆ సొనకును నల్లజీడికిని బంధుత్వము కలదు, రెండు చెట్లును ఒకే కుటుంబమునకు చెందినవి. రజకులు బట్టలకు గుర్తుపెట్టుటకు వాడిన నల్లజీడి రసము, సున్నము తగిలి నల్లబడిన తరువాత, ఉడుకుసోడాకును లొంగదు. శాశ్వతత్వమున దానికి సాటివచ్చునది మైసూరులో తయారై, 1962 ఎన్నికలనుండి ఓటరుల వ్రేళ్ళమీద ప్రకాశించుచున్న వెండి లవణపు సిరా యొక్కటే. ఆ రెంటిలో దేనినైనను కలములో పోసినవాడు కలమును దానము చేసినట్లే. మసిరేణువులను అతిసూక్ష్మముగా నూరి, నీటికిని ఎండకును చలింపనివిగా జపాను వారు చేయు సిరాలు ఊటకలమునకు పనికివచ్చును. వానిని వాడువారు కలమును తరచు కడుగు అలవాటు గలవారై యుండవలెను.

ఎండకు వెలియుటను పరీక్షించుట సులభము. ఒక కాగితముమీద అన్ని సిరాలతోను అడ్డగీతలు గీచి, సగమును అట్టతో కప్పి, ఎండ పడు కిటికీలో వ్రేలాడదీసిన చాలును. వేసవి ముగియువరకు వేచియుండవలెను, అంతియే. ఇట్లు చూచినపుడు మొదట పారిపోవునది ఎర్రసిరా. దానిలో తరచు వాడబడు ఇయోసిను అనెడి రంగు వెలుతురును సహింపదు. వాన్‌గోహ్ చిత్రించిన గులాబీలు కొన్ని నేడు తెల్లగా కనబడుటకు కారణము ఆ రంగే. ఆయన వానిని లేత ఎరుపున వేసెను. ఉపాధ్యాయులు తగ్గించి వేసిన మార్కులు కాలక్రమమున అదృశ్యమగుటలో న్యాయమున్నదని విద్యార్థులు తలంపవచ్చును.

ఇంట పిల్లలున్నవారు మరియొక పరీక్ష చేసి చూపవలెను. సుద్దముక్క అడుగునకు కొంచెము పైన నల్లసిరాతో చుక్క పెట్టి, చుక్కకు తగులకుండునంత నీటిలో ఆ ముక్కను నిలుపుడు. నీరు సుద్దలో పైకి ప్రాకుచు రంగులను తనతో లాగికొనిపోవును. కొన్ని రంగులు ముందు నడచును, కొన్ని వెనుకబడును. నలుపనుకొన్నది విడిపోయి ఊదా, నీలము, పసుపు అంతరువులుగా నిలుచును. ఈ సూత్రమునే శాస్త్రీయముగా వృద్ధిచేసి, రసాయనములను విడదీయు ఒక పద్ధతిని నెలకొల్పిన మార్టిన్, సింజ్ అను ఇరువురు ఆంగ్లేయులకు 1952లో నోబెలు బహుమానము లభించెను. రెండు సీసాలలోని నల్లసిరాలు కంటికి ఒకటే యైనను, సుద్దముక్క వాని వంశవృక్షములను వేరుచేసి చెప్పును.

రెండు సిరాలను కలిపి క్రొత్తరంగు పుట్టింపవలెనను చాపల్యము ఈ వ్యసనమున్న ప్రతివానికిని కలుగును. ఆమ్లగుణము గలదానిని క్షారగుణము గలదానితో కలిపినచో రంగు గడ్డకట్టి కలము పూడుకొనును. చేయదలచినవారు ముందుగా గాజుపలకమీద చుక్కలు కలిపి ఒకరాత్రి విడిచి చూతురుగాక. చిత్రలేఖనమునకై లక్క కలిపి చేయు నల్లసిరాను ఊటకలమున పోయరాదని వేరుగ చెప్పనక్కర లేదు. సీసాలో బూజు తేలినచో సీసాను పారవేయుటయే మేలు; వడగట్టి వాడు పొదుపరితనము పాళీకి బూజును అంటించును. వెనుకటి సిరాలకు ఆస్పత్రి వాసనవంటి వాసన యుండుటకు కారణము బూజు పట్టకుండ చేర్చిన కార్బాలిక్ ఆమ్లము. అది తగ్గిన సిరాలు ముక్కునకు హాయి గాని, మా ప్రాంతపు శ్రావణమాసపు తేమలో వాని మూత గట్టిగా బిగింపవలసియుండును.

చివరకు ఆకుపచ్చ సిరా. నా బల్లమీదనున్న సీసాలలో తెలుగు వత్తులను మిక్కిలి నిర్మలముగా నిలిపినది, చెప్పుటకు సంకోచమగుచున్నది, ఒక ఆకుపచ్చ సిరా. కంఠమున చుక్క నిలిచెను, గ్రంథమున గీత తెగలేదు, స్వాతంత్ర్యమున రెండు వత్తులును వేరువేరుగా నిలుచున్నవి. చౌక కాగితము వెనుకకు దిగలేదు. కిటికీలోని యెండకు కొంత వెలిసినది గాని చదువుటకు చాలును. కాని ఆ రంగు గెజిటెడ్ అధికారుల సంతకములకు చెందినదను నమ్మిక మన జనులలో ఎంత బలమైనదనగా, దానితో నేను వ్రాసిన ఉత్తరమందుకొన్న బంధువొకరు, ఏదో ఉత్తరువు వచ్చెనని కంగారుపడి కవరు విప్పక పక్కయింటి గుమాస్తాకు చూపించిరి. అందుచేత ఉత్తరములకు ముదురునీలము, లెక్కలకును కాగితములలో నిలువవలసిన వానికిని ఇనుపసిరా వాడుచు, ఆకుపచ్చను మాత్రము పెరటి మామిడిచెట్ల పట్టికకు ఉంచుకొంటిని. ఏ చెట్టు ఏ యేడు కాచినది, ఏది రసము, ఏది బంగినపల్లి, దేనికి పూతలో తేనెమంచు పట్టినది, ఇవి వ్రాయుటకు ఏ అధికారి ఆమోదమును అక్కరలేదు.